దండి నుంచి నెక్ దాకా: వాద్యాల అతుకుపై ఒక సింహావలోకనం

తీగ వాద్యాల విషయంలో మన తెలుగువాళ్లలో ఒక నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. వీణంటే ఏకాండి వీణే, ఒకే మానులోంచి తొలిచిన వీణకే నాదం నిలుస్తుంది, అతుకు పడితే నాదం పలచబడుతుంది అని. ఆ నమ్మకమే ఇప్పుడు గిటార్ల దాకా వచ్చింది. ఎలక్ట్రిక్ గిటార్ కొనబోయే కుర్రాడికి మొదట చెవిన పడే సలహా ఇది: "బోల్ట్-ఆన్ నెక్ తీసుకోకు, అది చవక రకం. నెక్ జిగురుతో అతికించిందైతేనే టోన్ బాగుంటుంది." విశాఖలోనూ ఇదే మాట, బిలాస్‌పూర్‌లోని కుదుదండ్ పేటలోనూ ఇదే మాట. ఇందులో నిజమెంతో తేల్చుకోవాలంటే ఒక గిటార్‌ను చూస్తే చాలదు. వాద్యం బాడీనీ మెడనూ మనిషి ఎన్ని రకాలుగా కలిపాడో, ఎందుకలా కలిపాడో నాలుగు వందల ఏళ్ల వెనక నుంచి చూసుకుంటూ రావాలి.

ఆ చూపుకు కుదుదండ్ తగిన చోటు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో ఏర్పడింది. 1891కల్లా నాగ్‌పూర్ నుంచి ఆసన్‌సోల్ దాకా దాని పట్టాలు పడ్డాయి, ఆ దారిలో బిలాస్‌పూర్ పెద్ద జంక్షనైంది. అటు విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1909 నాటికే వచ్చిన లైను 1931లో రాయపూర్‌ను చేరుకుంది. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే కొలువులకు మనవాళ్లు ఇటు వచ్చిన దారి అదే. ఆ దారిలోనే బొబ్బిలి ఉంది. కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే వీణలు చెక్కే ఊరికి మనకు బండి మారే పని కూడా లేదు. పెద్దలు వీణ, వయొలిన్ విని పెరిగిన తెలుగు ఇళ్లలో ఇవాళ పిల్లలు గిటార్ పట్టుకున్నారు. పెద్దల చెవి, పిల్లల వాద్యం రెండూ ఒకే ప్రశ్న దగ్గర కలుస్తున్నాయి: అతుకు నాదాన్ని చెడగొడుతుందా?

ఏకాండి మాట

ఇప్పుడు మనం చూసే ఇరవై నాలుగు మెట్ల వీణ తంజావూరును తెలుగు నాయక రాజులు ఏలిన కాలంలో స్థిరపడింది. 1600 నుంచి 1634 దాకా ఏలిన రఘునాథ నాయకుడికి ఆ ఘనత దక్కింది. తెలుగులో కావ్యాలు రాసిన ఆ రాజు కొలువులోనే అన్ని రాగాలూ పలికేలా మెట్లను ఒకచోట నిలిపే పద్ధతి కుదిరిందని సంగీత చరిత్ర చెబుతుంది. అంతకుముందు 1550లో విజయనగర సామ్రాజ్యంలో రామామాత్యుడు స్వరమేళకళానిధిలో వీణల మెట్ల అమరికను శాస్త్రబద్ధంగా వివరించాడు. తంజావూరు పనివాళ్లు ఒకే మానుతో చేసేవాటిని ఏకాండమనీ, కుండ (నాదం మోగే గుల్ల భాగం), దండి (మెడ) వేరువేరుగా చేసి కలిపేవాటిని ఒట్టు వీణలనీ పిలుస్తూ వచ్చారు. అంటే అతుకు వేసిన వీణ నిన్నమొన్నటి రాజీ కాదు, అదీ సంప్రదాయమే.

బొబ్బిలి మాత్రం ఏకాండికే కట్టుబడింది. దగ్గరలోని గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశం వారు తరతరాలుగా పనసమానును తొలిచి వీణ తీస్తున్నారు. ఆ వీణకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడా ఉంది. పనస చెక్క తేలికగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, పురుగు పట్టడం తక్కువ. మానులో దండి వైపు, కుండ వైపు నార ఒకే వరసలో నడుస్తుంది కాబట్టి తీగల లాగుడుకు వంగే చోటు, జిగురు వదిలే చోటు ఉండదు. ఇదంతా నిజమే. కానీ ఆ వీణనే ఇంకాస్త దగ్గరగా చూడండి. కుండ మీద మూసిన పలక వేరే చెక్క. దండి తొలిచిన గాడి మీద కప్పిన పట్టీ వేరే చెక్క. కింద సొరకాయ బుర్ర వేరు. గుర్రం వేరు, బిరడలు వేరు. ఇరవై నాలుగు మెట్లూ నల్లటి మైనంలో కూర్చున్నవి. ఏకాండి వీణలో కూడా అతుకులు బోలెడు. మెడ దగ్గర మాత్రం వద్దనుకున్నారు, అంతే.

మైనం సంగతి మరీ ముఖ్యం. వాడగా వాడగా మెట్లు అరుగుతాయి, ఎండకు మైనం జారుతుంది, స్వరస్థానాలు తప్పుతాయి. అప్పుడు వైణికులు పనివాణ్ణి పిలిచి మేళం కట్టించుకుంటారు. పాత మైనం గీకేసి, కొత్తది పోసి, ఒక్కో మెట్టును చెవితో సరిచూసి నిలబెడతారు. వీణ నిర్మాతలు వాద్యంలో ఒక చోటును కావాలనే విప్పి సరిచేసుకునేందుకు వదిలిపెట్టారు. ఎక్కడ అరుగుతుందో అక్కడ తెరుచుకోవాలన్నది వాళ్ల లెక్క. మూడు శతాబ్దాల తర్వాత కాలిఫోర్నియాలో ఒక రేడియో మెకానిక్ సరిగ్గా ఇదే లెక్క వేశాడు. అతను తెరిచిన చోటు మాత్రం వేరు.

మేకులు, తాళంచెవి, మర

ఆ మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు యూరప్ వైపు ఒకసారి తిరగాలి. స్ట్రాడివారి పేరు వినని సంగీత ప్రియుడుండడు. 1737లో పోయిన ఆ మహాశిల్పి కాలంలో వయొలిన్ మెడను లోపలి దిమ్మకు మేకులు కొట్టి బిగించేవాళ్లు. తర్వాత శ్రుతి పెరిగింది, మెడ పొడవు కావాల్సివచ్చింది. 1800 ప్రాంతం నుంచి ఆ పాత మెడలను తీసేసి, కొత్త మెడలు చెక్కి, గాడిలో దించి అతికించారు. ఇవాళ కోట్లు పలుకుతున్న స్ట్రాడివారి వయొలిన్లలో దాదాపు అన్నీ ఇలా మెడ మార్చుకున్నవే. వాటి నాదాన్ని తక్కువ చేసి మాట్లాడే సాహసం ఎవరూ చేయరు.

మర బిగించిన మెడ కూడా ఆ కాలిఫోర్నియా మెకానిక్ లియో ఫెండర్‌తో పుట్టలేదు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో వియన్నాలో యోహాన్ గియోర్గ్ స్టాఫర్ చేసిన గిటార్లలో మెడ మడమ దగ్గర ఒక మర ఉండేది. గడియారానికి కీ ఇచ్చినట్టు చిన్న తాళంచెవితో తిప్పితే మెడ వాలు మారేది, తీగల ఎత్తు సరిపోయేది. స్టాఫర్ దగ్గర పనిచేసిన సి.ఎఫ్. మార్టిన్ 1833లో అమెరికా వెళ్లి గిటార్ల కంపెనీ పెట్టాడు. తొలినాళ్ల మార్టిన్ గిటార్లలోనూ ఆ తాళంచెవి మెడ కనిపిస్తుంది. తర్వాతే ఆ కంపెనీ జిగురు అతుకులో స్థిరపడింది.

విద్యుత్తు వచ్చాక కథ వేగం పుంజుకుంది. 1935లో రికెన్‌బ్యాకర్ కంపెనీ బేకలైట్‌తో పోతపోసిన గిటార్‌కు విడిగా చేసిన మెడను బిగించింది. గిటారిస్టు లెస్ పాల్ 1940 ప్రాంతంలో ఒక పైన్ దూలానికి తీగలు కట్టి, దానికి గిటార్ ఆకారం కోసం రెండు రెక్కలు తగిలించాడు. 1948లో పాల్ బిగ్స్‌బీ, గిటారిస్టు మెర్ల్ ట్రావిస్ కోసం మెడా నడుమూ ఒకే చెక్కగా సాగే గిటార్ చేశాడు. నేటి మాటలో అది నెక్-త్రూ, మన మాటలో ఏకాండి. అంటే ఎలక్ట్రిక్ గిటార్ బాల్యంలోనే ఏకాండి, ఒట్టు రెండు దారులూ పక్కపక్కనే నడిచాయి.

ఫుల్లర్టన్ రిపేరు షాపు

లియో ఫెండర్‌కు గిటార్ వాయించడం రాదు. 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు షాపు తెరిచాడు. పాడైన వస్తువు ఎక్కడ పాడవుతుందో, దాన్ని విప్పడం ఎంత కష్టమో రోజూ చేతులతో తెలుసుకున్నవాడు. 1950లో ఎస్క్వైర్, బ్రాడ్‌కాస్టర్ గిటార్లు తెచ్చాడు. మరుసటి ఏడు బ్రాడ్‌కాస్టర్ పేరు టెలికాస్టర్‌గా మారింది, ప్రెసిషన్ బేస్ వచ్చింది. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. అన్నిటికీ ఒకటే అతుకు. మేపుల్ చెక్క నెక్, యాష్ లేదా ఆల్డర్ చెక్క బాడీ, మధ్యలో నాలుగు స్క్రూలు.

ఒక స్ట్రాట్‌ను బోర్లించి చూస్తే ఆ ఆలోచన కళ్లకు కడుతుంది. వెనక సుమారు 51 మిల్లీమీటర్ల వెడల్పు, 64 మిల్లీమీటర్ల పొడవున్న ఉక్కు పలక. నాలుగు మూలల్లో నాలుగు స్క్రూలు బాడీని దాటి నెక్ మడమలోకి దిగుతాయి. స్క్రూలు తీస్తే నెక్ చేతిలోకి వస్తుంది, బాడీలో 16 మిల్లీమీటర్ల లోతు గూడు కనిపిస్తుంది. మడమ వెడల్పు 56 మిల్లీమీటర్ల చిల్లర. ఆరు తీగలూ శ్రుతిలో ఉన్నప్పుడు ఈ అతుకు మోసే లాగుడు 45 కిలోల పైమాటే. ఈ భారమంతా ఆ గూడు అడుగు, గోడలు, నాలుగు స్క్రూల బిగింపు పంచుకోవాలి. ఫ్రెట్‌లు (గిటార్ మెట్లు) అరిగితే నెక్ విప్పి మరొకటి బిగించుకోవచ్చు, వాయించేవాడికి వారం రోజుల కచేరీలు పోవు. మేళం కట్టడంలో వీణ పనివాడు మెట్ల దగ్గర వదిలిన తలుపును ఫెండర్ మెడ దగ్గర వదిలాడు.

గిబ్సన్ కంపెనీ 1952లో లెస్ పాల్ మోడల్‌తో ఎదురు నిలిచింది. మహాగని బాడీ, మేపుల్ పైపలక, గాడిలో దించి జిగురుతో అతికించిన నెక్. చేతిపనికి ఎక్కువ సమయం పడుతుంది, ధర ఎక్కువ. అతుకు విప్పాలంటే ఆవిరి పట్టాలి, నేర్పరి కావాలి. అప్పట్నుంచే బోల్ట్-ఆన్ అంటే చవక, సెట్ నెక్ (జిగురు అతుకు) అంటే ఘనత అనే తూకం మొదలైంది. 1957లో రికెన్‌బ్యాకర్ 4000 బేస్‌తో, 1963లో గిబ్సన్ ఫైర్‌బర్డ్‌తో నెక్-త్రూ కూడా పెద్ద కంపెనీల్లోకి వచ్చి ఆ మెట్లవరసలో పైమెట్టు ఎక్కింది.

పేరు చెడిన కాలం

1965 జనవరిలో సీబీఎస్ సంస్థ 1 కోటి 30 లక్షల డాలర్లకు ఫెండర్ కంపెనీని కొంది. ఉత్పత్తి పెరిగింది. 1971లో స్ట్రాట్‌కు నాలుగు స్క్రూలు పోయి మూడు వచ్చాయి, నెక్ వాలును విప్పకుండానే మార్చే మైక్రో-టిల్ట్ మర వచ్చింది. ఊహ చెడ్డది కాదు. గూళ్లు మాత్రం వదులుగా కోశారు. నెక్ పక్కకు జరిగేది, అంచు తీగ ఫ్రెట్‌బోర్డు దాటి జారేది. వాయించేవాళ్లు మూడు స్క్రూలను తిట్టారు, కొందరు బోల్ట్-ఆన్ పద్ధతినే తిట్టారు. 1980ల మొదట్లో నాలుగు స్క్రూలు తిరిగొచ్చాయి. లియో ఫెండర్ తన తర్వాతి కంపెనీ జీ అండ్ ఎల్‌లో కూడా మొదట మూడు స్క్రూల అతుకే వాడాడన్నది గుర్తుపెట్టుకోదగ్గ విషయం. గూడు బిగుతుగా కోసినచోట ఆ మూడే పట్టి ఉంచాయి. తప్పు స్క్రూల లెక్కలో లేదు, గూడు కోతలో ఉంది.

ఆ కాలంలోనే బోల్ట్-ఆన్ బలం కూడా లోకానికి తెలిసింది. ఎరిక్ క్లాప్టన్ 1970లో నాష్‌విల్‌లో పాత స్ట్రాట్‌లు కొన్ని కొని, మూడింటి నుంచి మంచి భాగాలు ఏరి ఒక గిటార్ కూర్చుకున్నాడు. "బ్లాకీ" అని పేరుపడిన ఆ గిటార్ 2004 వేలంలో 9,59,500 డాలర్లు పలికింది. ఎడ్డీ వాన్ హేలెన్ విడిగా కొన్న బాడీకి, విడిగా కొన్న నెక్ బిగించి, అందులో గిబ్సన్ పికప్ పెట్టి గిటార్ వాదన తీరునే మార్చాడు. రాక్ సంగీతంలో గొప్ప టోన్‌కు పేరు మోసిన ఈ రెండు గిటార్లూ విడిభాగాల కూర్పులే.

నాదం ఎక్కడ కారుతుంది

ఇప్పుడు అసలు ప్రశ్న. తీగ రెండు కొసల మధ్య ఊగుతుంది. ఒక కొస బ్రిడ్జ్, రెండో కొస వేలు నొక్కిన ఫ్రెట్. ఆ కొసల నుంచి చెక్కలోకి శక్తి ఎంత తక్కువ కారితే స్వరం అంతసేపు నిలుస్తుంది. వీణలో ఆ శక్తి కుండ పలకలోకి వెళ్లి గాలిని కదిలించాలి, అప్పుడే మనకు వినిపిస్తుంది. చెక్క పాడాలి. ఎలక్ట్రిక్ గిటార్‌లో పికప్ అయస్కాంతం తీగ కదలికనే పట్టుకుంటుంది, చెక్క పాడనక్కర్లేదు. తీగను అడ్డుకోకుండా ఉంటే చాలు. వీణ విషయంలో పనసమాను మీద మనకున్న గౌరవాన్ని యథాతథంగా గిటార్ మీదికి తేకూడదనడానికి కారణం ఇదే.

1990ల చివర జర్మనీలో ఫ్లైషర్, జ్వికర్ అనే పరిశోధకులు స్ట్రాట్, లెస్ పాల్ తరహా గిటార్ల కంపనాలను కొలిచారు. కొన్ని ఫ్రెట్‌ల దగ్గర స్వరం మిగతావాటికంటే తొందరగా ఆరిపోతుంది, వాటిని డెడ్ స్పాట్ అంటారు. బ్రిడ్జ్ వైపు శక్తి పెద్దగా కారడం లేదని, సన్నగా పొడుగ్గా ఉన్న నెక్ తన సహజ లయలో ఊగే చోట తీగ శక్తిని తాగేస్తోందని వాళ్లు చూపించారు. అంటే నెక్ మందం, బిగువు, తల భాగం ఆకారం, బరువు ముందుగా లెక్కలోకి వస్తాయి. అమెరికా వాద్య నిర్మాత ఆర్.ఎం. మొట్టోలా 2007లో మూడు రకాల అతుకులనూ పోల్చి ప్రయోగం చేశాడు. నెక్-త్రూ అన్నిటికంటే ఎక్కువసేపు మోగుతుందన్న నమ్మకానికి అందులో ఆధారం దొరకలేదు. కొలతకు దొరికిన తేడాలు చెవికి దొరికేంతవి కావు.

మరి ఫెండర్ మోత వేరు, గిబ్సన్ మోత వేరు అని అందరికీ వినిపించేది అబద్ధమా? కాదు. ఫెండర్ తీగ పొడవు 648 మిల్లీమీటర్లు, గిబ్సన్‌ది సుమారు 628. ఫెండర్‌ది ఒంటి చుట్ట పికప్, గిబ్సన్‌ది 1957 నుంచి జంట చుట్ట హంబకర్. చెక్కలు వేరు, బ్రిడ్జ్‌లు వేరు. ఇన్ని తేడాలుండగా కంటికి కనిపించే అతుకు మీదే భారమంతా మోపేశాం.

అతుకు లెక్కలోకి వచ్చే సందర్భం ఒకటుంది: అది వదులైనప్పుడు. రైల్వే ఊళ్లో పెరిగినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. రెండు పట్టాలను కలిపే ఫిష్‌ప్లేట్ బోల్టులు బిగుతుగా ఉన్నంతకాలం బండి సాఫీగా పోతుంది, వదులైతే ప్రతి చక్రం దెబ్బ అక్కడే పడుతుంది. గూడులో నెక్ మడమ అడుగంతా ఆనకపోతే, ఆ సందులో రాపిడి పుట్టి స్వరం ఆరిపోతుంది, శ్రుతి నిలవదు, ఒకే తీగ కింద బాగుండి పైన పలచగా పలుకుతుంది. అందుకే ఒకే కంపెనీ బోల్ట్-ఆన్ గిటార్లలోనే ఒకటి గంటలా మోగితే మరొకటి చెక్కలా మోగుతుంది.

మన చేతుల్లోకి

ఎలక్ట్రిక్ తీగ వాద్యాన్ని కచేరీ వేదిక మీద నిలబెట్టిన తెలుగువాడు మాండొలిన్ శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టాడు, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ చేశాడు. ఎనిమిది తీగల పాశ్చాత్య మాండొలిన్‌ను పక్కనపెట్టి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు వచ్చాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు, తర్వాత రిమెంబర్ శక్తి బృందంలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చున్నాడు. 2014లో మనల్ని వదిలి వెళ్లేదాకా కర్ణాటక గమకాన్ని అదే పొట్టి వాద్యం మీద పలికించాడు. గట్టి చెక్క బాడీ, అయస్కాంతపు పికప్ ఉన్న వాద్యంలో గమకం నిలవదని మొదట అనుమానించిన పెద్దలు తర్వాత చెవి ఒగ్గి విన్నారు. గమకం నిలవడానికి తీగ శక్తి కారిపోకుండా ఉండాలి, వేలు నమ్మకంగా ఉండాలి. ఆయన రెండూ సాధించాడు.

ఇటు వీణ కూడా మారుతూనే ఉంది. కాంటాక్ట్ మైక్ చాలామంది వైణికులకు మామూలైంది. విమాన ప్రయాణాల కోసం దండినీ కుండనూ విడదీసి పెట్టెలో సర్దుకునే వీణలు వచ్చాయి. ఒట్టు వీణ మరల సాయంతో తిరిగొచ్చిందనుకోవచ్చు.

కుదుదండ్‌లో గిటార్ కొనబోయే పిల్లలకు ఈ చరిత్ర నుంచి దక్కే సాయం చాలానే ఉంది. కొనేముందు గిటార్‌ను ఎదురుగా పట్టుకుని చివరి ఫ్రెట్ దగ్గర రెండు అంచు తీగలు రెండు వైపులా సమాన దూరంలో ఉన్నాయో లేదో చూడండి. నెక్‌ను మెల్లగా పక్కకు తోసి చూడండి, తీగల వరస జరిగితే గూడు వదులు. గోడకూ మడమకూ మధ్య పోస్టుకార్డు దూరితే ఆ గిటార్ వద్దు. ఇప్పటికే కొనేసి ఉంటే దిగులు పడక్కర్లేదు. తీగలు శ్రుతిలో ఉండగానే నాలుగు స్క్రూలూ కొద్దిగా మాత్రమే వదులు చేస్తే లాగుడుకు మడమ గూట్లోకి సర్దుకుంటుంది, తర్వాత ఎదురెదురు మూలల వరసలో బిగించాలి. స్క్రూ రంధ్రం పాడైతే గట్టి చెక్క ముక్కను జిగురుతో దిగగొట్టి కొత్త రంధ్రం వేయాలి. నెక్ వాలు మార్చడానికి అట్టముక్క పెట్టే అలవాటు ఉంది. దాని బదులు మడమ అంతా ఆనేలా పలచగా చెక్కిన చెక్క పట్టీ వాడితే కింద బోలు మిగలదు. మే నెల ఎండలకు కుంచించుకుని, ఆ వెంటనే వచ్చే వానలకు ఉబ్బే చెక్కకు, ఏటా ఒకసారి విప్పి చూసుకునే అవకాశం ఉండడం బోల్ట్-ఆన్‌లో ఉన్న పెద్ద సుగుణం.

నాలుగు శతాబ్దాల ఈ దారిలో నాకు కనిపించిన సత్యం ఒకటే. అతుకు వాద్యానికి లోపం కాదు, అతుకులో మిగిలిన సందు లోపం. బొబ్బిలి పనివాడు సందుకు తావే లేకుండా మానునే తొలిచాడు. గిబ్సన్ పనివాడు సందును జిగురుతో నింపాడు. ఫెండర్ సందును మరతో నొక్కిపెట్టి, మళ్లీ తెరిచే వీలు మిగిల్చాడు. మూడూ గౌరవించదగ్గ పనులే.

బాగా ఎదిగిన పెద్ద పనసమాన్లు రానురాను దొరకడం కష్టమవుతోంది. ఏకాండి వీణకు ఎంత మాను కావాలో, గిటార్ నెక్‌కు అందులో చిన్న ముక్క చాలు. గొల్లపల్లి చేతులకు చెక్క నార తెలుసు, బిలాస్‌పూర్ రైల్వే ఇళ్లకు మర, బిగింపు, సందు కొలత తరతరాలుగా తెలుసు. ఈ రెండు విద్యలూ ఒకే లైను మీద ఉన్నాయి. ఐటీఐలో ఫిట్టర్ కోర్సు చదివే తెలుగు పిల్లవాడు ఒక వేసవి సెలవుల్లో బొబ్బిలి వెళ్లి చెక్కపని చూసి రావాలి. వీణ పనివారు గిటార్ నెక్‌లు చెక్కడానికి పూనుకోవాలి. అలా జరిగితే మనం గిటార్లు కొనుక్కునే జాతిగానే మిగలం, వాటిని బాగుచేసే, తయారుచేసి అమ్మే జాతి అవుతాం.